చెట్లు నరికితేనా, రోడ్డు వేస్తేనా? కొండచరియలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వారాంతాల్లో కొండల మీదుగా కారులో వెళ్తుంటే అడవిలో గుండు గీసినట్టు నరికేసిన మేర కనిపిస్తుంది. చరియలు విరిగేది అందువల్లేనని కొందరు, ఇక్కడి వానలకు ఎలాగూ విరుగుతాయని కొందరు అంటారు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, హిల్స్‌బరో, ఆరెగాన్, అమెరికా

మీ కొండల్లో చరియలు ఎక్కువగా వానకే జారుతాయి, నిజమే. కానీ ఒకే వానకు పక్కపక్కనున్న రెండు వాలుల్లో ఒకటి నిలబడి ఇంకొకటి జారితే, తేడా ఆకాశంలో లేదు, నేలలో ఉంది. ఆ తేడాను అందరికన్నా ముందుగా, ఓపికగా లెక్కగట్టిన చోట్లలో ఒకటి మీ రాష్ట్రంలోనే ఉంది. కాస్కేడ్ పర్వతాల పడమటి వాలున, లుకౌట్ క్రీక్ అనే వాగు పరీవాహక ప్రాంతాన్ని మొత్తంగా తీసుకుని 1948లో హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అటవిని ఏర్పాటు చేశారు. విస్తీర్ణం సుమారు 6,400 హెక్టార్లు. 1950 నుంచి అక్కడ రోడ్లు, నరుకుడు మొదలయ్యాయి. ఆ తర్వాతి పాతికేళ్లలో ఎక్కడెక్కడ ఎంత మట్టి జారిందో స్వాన్సన్, డిర్నెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కతీసి 1975లో ప్రచురించారు.

వాళ్లకు ముందుగా తేలింది చెట్ల సంగతి కాదు, రాతి సంగతి. 900–1,000 మీటర్ల ఎత్తుకు పైన గట్టి లావా రాయి. అక్కడ రోడ్ల వల్ల జారినవి రెండే, అవీ చిన్నవి. అంతకు దిగువన అగ్నిపర్వతాల బూడిద, ముక్కలు కలిసి గట్టిపడి, తర్వాత కుళ్లిపోయిన మెత్తని రాయి. ఈ మెత్తని భాగంలో అడవి కప్పిన నేలతో పోలిస్తే పూర్తిగా నరికిన నేలలో జారిన మట్టి హెక్టారుకు 2.8 రెట్లు, రోడ్డు వేసిన మేరలో 30 రెట్లు.

30 రెట్లు వినగానే గుండె గుభేలుమంటుంది. అయితే రోడ్డు ఆక్రమించే నేల కొంచెమే కదా. అందుకే దాన్ని విస్తీర్ణంతో గుణించి చూడాలి. ఉదాహరణకు 100 హెక్టార్ల వాగు పరీవాహకంలో 77 హెక్టార్లు అడవి, 20 నరికిన నేల, 3 రోడ్డు అనుకుందాం. ఒక హెక్టారు అడవి జార్చే మట్టిని ఒకటి అనుకుంటే అడవి వంతు 77, నరికిన నేల వంతు 56, రోడ్డు వంతు 90. మొత్తం 223. అంటే నూటికి మూడు వంతుల నేల నూటికి 40 వంతుల మట్టిని జారుస్తోంది. అసలు ఏమీ చేయకపోతే 100 ఉండాల్సింది 223 అయింది. ఈ రెట్లను తీసుకెళ్లి ఇంకో కొండకు యథాతథంగా అంటించకూడదు. ఆండ్రూస్ అడవిలోనే, వెయ్యి మీటర్ల గీత దాటితే అవి చెల్లలేదు. వెంట తీసుకెళ్లదగ్గది ఒకటుంది: అడుగు అడుగుకూ పోల్చితే రోడ్డు చేసే చెరుపు నరుకుడుకన్నా చాలా ఎక్కువ.

ప్రశ్న: చెట్లు కొట్టిన ఏడాది కాకుండా నాలుగైదేళ్ల తర్వాత చరియలు పడతాయని చదివాను. అప్పటికి మొక్కలు మళ్లీ మొలిచి ఉంటాయి కదా?
– సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

కొండ మీది పలుచటి మట్టిని పట్టి ఉంచేది మాను కాదు, వేళ్లు. చెట్టు కొట్టిన రోజున వేళ్ల బలం దాదాపు అలాగే ఉంటుంది. ఆ తర్వాత సన్న వేళ్లు మొదలుకుని కుళ్లుతూ పోతాయి. కొత్త మొక్కల వేళ్లు పెరుగుతూ వస్తాయి. తగ్గే గీత, పెరిగే గీత కలిపి చూస్తే మొత్తం పట్టు అన్నిటికన్నా తక్కువగా ఉండేది నరికిన తర్వాత సుమారు 3 నుంచి 15 ఏళ్ల మధ్య. పెద్ద వాన ఆ సందులో వస్తే కొండ జారుతుంది. రాకపోతే ఎవరికీ ఏమీ కనపడదు, నరికినందువల్ల నష్టం లేదని అందరూ తీర్మానిస్తారు.

మీరు ఇంజినీరింగ్ విద్యార్థి కాబట్టి అంకెలు వేసి చూడండి. వాలు 38 డిగ్రీలు, రాతి మీద మట్టి మందం 1 మీటరు, ఘనపు మీటరు బరువు 18 కిలోన్యూటన్లు, మట్టి ఘర్షణ కోణం 35 డిగ్రీలు, మట్టికి సొంత జిగురు లేదు. కిందికి లాగే ఒత్తిడి 8.7 కిలోపాస్కల్. నేల పొడిగా ఉంటే ఘర్షణ 7.8 దాకా ఆపుతుంది, మిగిలిన 0.9 వేళ్లు భరించాలి. పెద్ద ఇబ్బంది లేదు. మట్టి పైదాకా నీటితో నిండితే ఘర్షణ 3.6కు పడిపోతుంది. అప్పుడు వేళ్లు భరించాల్సింది 5.2. వేళ్ల పట్టు 8 కిలోపాస్కల్ ఉన్న అడవిలో భద్రతా గుణకం (ఆపే బలాన్ని లాగే బలంతో భాగిస్తే వచ్చేది, ఒకటికి తగ్గితే వాలు జారుతుంది) 1.3, కాబట్టి నిలబడుతుంది. వేళ్లు కుళ్లి పట్టు 2కు దిగితే గుణకం 0.64. నిజానికి అంత నీరు కూడా అక్కర్లేదు. పట్టు 2 ఉన్నప్పుడు మీటరు మట్టిలో కింది పాతిక సెంటీమీటర్లలో నీరు నిలిచినా గుణకం ఒకటికి వచ్చేస్తుంది. నరికినందువల్ల జరిగేది ఇదే. జారడానికి కావలసిన వాన చిన్నదవుతుంది. ఎప్పుడో అరుదుగా వచ్చే పెద్ద వానకు కూడా నిలబడాల్సింది తరచూ వచ్చే వానకే జారుతుంది.

వేళ్ల పట్టు ఎంత తేడాగా ఉంటుందో ఆరెగాన్ కోస్ట్ రేంజ్ కొండల్లో గుంటల పక్కగోడల్లో వేళ్లు కొలిచి చూశారు. సహజంగా పెరిగిన శృంగాకార (పైన్, ఫర్ లాంటి సూదాకు చెట్ల) అడవుల్లో పక్కలకు పట్టే బలం 25.6 నుంచి 94.3 కిలోపాస్కల్. కలప కోసం పెంచే అడవుల్లో 6.8 నుంచి 23.2. నరికేసిన చోట 10కి మించలేదు. మధ్య రకాన్ని గమనించండి. పైనుంచి చూస్తే అదీ పచ్చని అడవే, కింద పట్టు మాత్రం వేరు.

ఒక మినహాయింపు ఉంది. టేకు, యూకలిప్టస్ లాంటివి కొట్టినా మొద్దు నుంచి చిగురు వేస్తాయి. మొద్దు బతికితే వేళ్లన్నీ చావవు. మొద్దులను జేసీబీతో పెకలించిన చోట ఆ మేలు కూడా పోతుంది.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాల్లో చరియలను గుర్తించి అడవిలో ఎన్ని, నరికిన నేలలో ఎన్ని అని లెక్కిస్తున్నాను. నరికిన చోట విపరీతంగా ఎక్కువ వస్తున్నాయి. నమ్మవచ్చా?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

అలాగే నమ్మకండి. ఆకుల గొడుగు కింద పడిన చిన్న చరియ పైనుంచి కనపడదు. బోడి నేలలో అదే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 1996లో ఆరెగాన్‌ను రెండు పెద్ద తుపాను వానలు ముంచెత్తాక ఆ రాష్ట్ర అటవీ శాఖ మనుషుల్ని వాగుల వెంట నడిపించి చరియలను నేల మీదే కొలిపించింది. విమానం నుంచి తీసిన ఫొటోల్లో వాటిలో చాలా భాగం దొరకనే లేదు. నడిచి లెక్కేసినా, నాలుగు ప్రాంతాల్లో మూడు చోట్ల, గత తొమ్మిదేళ్లలో నరికిన చోట నూరేళ్లు దాటిన అడవికన్నా చరియలు ఎక్కువే ఉన్నాయి. కానీ ఫొటోలు చూపించినంత తేడా లేదు. పదేళ్ల నుంచి నూరేళ్ల మధ్య వయసున్న అడవుల్లో సాధారణంగా ముసలి అడవికన్నా తక్కువే ఉన్నాయి. ఈ చివరి మాటను నరకాలనేవాళ్లూ, వద్దనేవాళ్లూ తమకు నచ్చినట్టు వాడుకుంటారు, జాగ్రత్త.

హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం 2023లో విడుదల చేసిన దేశ కొండచరియల పటంలో 1998–2022 మధ్యవి సుమారు 80,000 నమోదయ్యాయి. మంచి ఆధారమే. దాన్ని వాడేటప్పుడు మూడు పనులు చేయండి. అడవి, నరికిన నేల రెంటినీ ఒకే రాతి రకం, ఒకే వాలు తరగతిలో పోల్చండి. ఫలానా పరిమాణంకన్నా చిన్నవాటిని రెండు వైపులా వదిలేయండి. ఒక్క వాన తర్వాతి చిత్రంతో సరిపెట్టకుండా, చదరపు కిలోమీటరుకు ఏడాదికి ఎన్ని అని, ఎన్ని ఘనపు మీటర్లని విడివిడిగా రాయండి. రోడ్డు చరియలను మాత్రం ఎప్పుడూ వేరే గడిలో పెట్టండి. నరికిన మేరలోంచి పోయే రోడ్డు కూలితే దాన్ని నరుకుడు ఖాతాలో వేసిన వ్యాసాలు ఎన్నో.

ప్రశ్న: కొండ రోడ్డు వెడల్పు చేసే పనిలో ఉన్నాను. తవ్విన మట్టిని లోయ వైపు తోస్తేనే పని సాగుతుంది. ఎత్తి దూరంగా పోయమంటారు, కాంట్రాక్టరు ఒప్పుకోడు. అంత అవసరమా?
– సైట్ ఇంజినీరు, ఉత్తరాఖండ్‌లో పని చేస్తున్న తెలుగువారు

అవసరమే. ఎందుకో కాగితం మీద గీసి కాంట్రాక్టరుకు చూపించండి. 60 శాతం వాలు, అంటే 31 డిగ్రీల కొండ మీద 5 మీటర్ల రోడ్డు కావాలి. మొత్తం వెడల్పూ కొండలోకే తవ్వి, కోత గోడను మీటరు ఎత్తుకు అర మీటరు వెనక్కి వాల్చి ఉంచితే గోడ ఎత్తు 4.3 మీటర్లు వస్తుంది. మీటరు పొడవుకు 10.7 ఘనపు మీటర్ల తవ్వకం. కిలోమీటరుకు 10,700. వదులయ్యాక పాతిక శాతం ఉబ్బుతుంది కాబట్టి 10 ఘనపు మీటర్ల టిప్పర్లు 1,300కు పైగా తిరగాలి. సగం రోడ్డు కోత మీద, సగం పోత మట్టి (తవ్వి లోయ వైపు పోసిన మట్టి) మీద వేస్తే తవ్వకం 2.7 ఘనపు మీటర్లే, నాలుగో వంతు. కాంట్రాక్టరు లెక్క ఇదే.

ఆ లెక్కలో పోత మట్టి ఎక్కడ నిలుస్తుందన్నది లేదు. వదులు మట్టి నిలిచే వాలు ఒకటిన్నర అడ్డానికి ఒకటి నిలువు, అంటే 67 శాతం. కొండ వాలు 60. రెండు గీతలూ దాదాపు సమాంతరం. రోడ్డు అంచు నుంచి దిగిన పోత గీత కొండను తాకాలంటే అడ్డంగా 22 మీటర్లు, నిలువునా 15 మీటర్లు దిగాలి. అంత పోతకు మీటరు పొడవుకు 19 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఉన్నది 2.7. కాబట్టి జరిగేదేమిటంటే ఆ మట్టి పొదల మీద, మొద్దుల మీద, పాత ఆకుల పొర మీద పలుచగా, నిలవగలిగిన దానికన్నా నిటారుగా అతుక్కుని ఉంటుంది. లోపల కప్పెట్టిన కొమ్మలు, దుంగలు నాలుగైదేళ్లలో కుళ్లి ఖాళీలవుతాయి. ముందుగా రోడ్డు బయటి అంచున నెలవంక ఆకారపు పగులు, తర్వాత అంచు నాలుగు వేళ్లు దిగడం, ఆ తర్వాతి పెద్ద వానకు అంతా ఒకేసారి వాగులో పడటం. అమెరికా వాయవ్య రాష్ట్రాల అడవి రోడ్లలో 60 శాతానికి మించిన వాలుల మీద మొత్తం కోతలోనే రోడ్డు వేసి మట్టిని లారీల్లో తరలించాలనే పద్ధతి ఇలా కూలగా కూలగా వచ్చిందే.

పైవైపు కోత గురించి కూడా ఒక మాట. 1999 చమోలీ భూకంపం తర్వాత గఢ్వాల్‌లో చరియలను పరిశీలించిన బృందం, వాటిలో సుమారు మూడింట రెండొంతులు మనుషుల పనుల వల్ల మొదలైనవో, వేగం పుంజుకున్నవో అని తేల్చింది. ముఖ్య కారణం రోడ్డు కోసం వాలు పాదాన్ని తవ్వేయడం. అక్కడ ప్రధాన దోషి గొడ్డలి కాదు, పొక్లెయిన్. వాలు, గోడ వంపు మారకపోతే కొత్తగా తవ్వే మట్టి వెడల్పు వర్గంతో (వెడల్పును వెడల్పుతోనే గుణించిన లెక్కన) పెరుగుతుంది. రోడ్డు వేదిక 5.5 మీటర్ల నుంచి 10 మీటర్లకు పెరిగితే వెడల్పు రెట్టింపు కూడా కాదు, తవ్వకం మాత్రం 3.3 రెట్లు. చార్‌ధామ్ రోడ్ల వెడల్పు మీద సుప్రీంకోర్టు దాకా నడిచిన వాదనలో అసలు పట్టు ఈ వర్గపు లెక్కలోనే ఉంది. 2021 డిసెంబరులో సైనిక అవసరాల దృష్ట్యా కోర్టు 10 మీటర్లకు అనుమతించింది. అనుమతి వచ్చినంత మాత్రాన కొండ లెక్క మారదు. ఆ మట్టికి చోటు చూపించాకే తవ్వాలి. వెడల్పు తప్పనిసరైతే వాలు తక్కువున్న చోట రెండు వరుసలు, నిటారు చోట ఒక వరుసతో ఎదురు బండికి దారి ఇచ్చే జాగాలు అన్న పద్ధతిని అంచనాల దశలోనే అడగండి.

ప్రశ్న: మా ఊరి ఘాట్ రోడ్డు ఏటా అదే మలుపు దగ్గర కోసుకుపోతోంది. రిటైనింగ్ వాల్ రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ పోయింది. గోడ నాసిరకమా?
– పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

గోడను తిట్టే ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో వానలో గొడుగు పట్టుకుని ఒకసారి పైకి నడిచి చూడండి. గోడ పోయిన చోట తప్పు ఉండటం అరుదు. తప్పు సాధారణంగా ఆ మలుపుకు ఎగువన, రెండు మూడు వందల మీటర్ల దూరంలో మూసుకుపోయిన తూము దగ్గర ఉంటుంది.

కొండను కోసి రోడ్డు వేయగానే మట్టిలోపల మెల్లగా దిగుతున్న ఊట నీరు కోత గోడలోంచి బయటపడి పక్క కాలువలోకి చేరుతుంది. లోపల గంటల తరబడి నడవాల్సిన నీరు పైన నిమిషాల్లో పరుగెడుతుంది. ఆండ్రూస్ అడవి చుట్టుపక్కల రోడ్ల పొడవులో 57 శాతం ఇలా నేరుగా వాగులతో కలిసిపోయిందని 1996లో లెక్కతేలింది. అంటే సగానికి పైగా రోడ్డు వాగులాగే పని చేస్తోంది. ఆ నీటిని కొంచెం కొంచెంగా, తరచుగా, రాతి మీదికో ముక్కు (కొండ ముందుకు పొడుచుకొచ్చిన మిట్ట) మీదికో వదిలేయాలి. ఒకే చోట గుమ్మరిస్తే కింద ఎంత గోడ కట్టినా నిలవదు. రోడ్డు 100 మీటర్లకు 10 మీటర్లు ఎక్కే చోట, సులువుగా కోసుకుపోయే మట్టిలో అడ్డ తూములు సుమారు 35 మీటర్లకు ఒకటి ఉండాలి. గట్టి నేలలో 60 మీటర్ల దాకా ఫరవాలేదు. మన ఘాట్లలో వీటి మధ్య దూరం కొలిచి చూడండి, గోడ ఎందుకు పోయిందో సగం అర్థమవుతుంది.

తూము పరిమాణం సంగతి. గంటకు 100 మి.మీ. వాన పడి అందులో సగం పైనే పారితే హెక్టారుకు సెకనుకు 140 లీటర్లు. 60 సెం.మీ. పైపు నోటి పైఅంచు దాకా నీరు నిలిచినప్పుడు మోసేది సెకనుకు సుమారు 300 లీటర్లు. అంటే రెండు హెక్టార్ల నీరు చేరే గెడ్డకే (చిన్న కొండవాగుకే) సరి. 90 సెం.మీ. వేస్తే సామర్థ్యం సుమారు 2.8 రెట్లు. ఇది ఖాళీ పైపు లెక్క. నిజంగా తూములను ముంచేది నీరు కాదు, అడ్డంపడిన కొమ్మ, దాని వెనక ఆగిన ఆకులు, ఇసుక. వాగు వెడల్పుకన్నా పైపు ఇరుకైతే కొమ్మ అడ్డం తిరుగుతుంది. అందుకే అమెరికా వాయవ్య ప్రాంత అటవీ ప్రణాళిక 1994లో నూరేళ్ల వరదను, దాంతోపాటు కొట్టుకొచ్చే చెత్తను కూడా దాటించేలా తూములు ఉండాలంది.

అయినా ఏదో ఒక రోజు మూసుకుపోతుందనే అనుకుని కట్టాలి. తూము మూసుకుంటే నీరు రోడ్డు మీదికెక్కుతుంది. అక్కడే రోడ్డును అడ్డంగా కాస్త పల్లం చేసి ఉంచితే నీరు అక్కడికక్కడే దాటి తన గెడ్డలోనే పడుతుంది, మహా అయితే తూము మీది మట్టి కొట్టుకుపోతుంది. పల్లం లేకపోతే నీరు పక్క కాలువ పట్టుకుని రోడ్డు వెంట దిగి, ఎన్నడూ నీరు చూడని ఇంకో వాలు మీద పడుతుంది. మీ మలుపు బహుశా అలాంటిదే. ఈ పల్లానికి ఖర్చు ఒక రోజు జేసీబీ కిరాయి, కొంత కాంక్రీటు. గోడ ఖర్చుతో పోల్చండి.

మే నెలలోనే చూడాల్సినవి: తూము నోట్లో ఇసుక మూడో వంతు ఎత్తుకు మించి ఉందా, బయటి చివర పోత మట్టి మీద గాల్లో వేలాడుతూ కింద గుంట తవ్విందా, పాత గోడకు నీరు కారే రంధ్రాలున్నాయా లేక సున్నం, మట్టి పట్టి పూడాయా, రోడ్డు బయటి అంచున పగులుందా. పగులుంటే వెంటనే తారుతోనో బంకమట్టితోనో మూసి, పైనుంచి వచ్చే నీటిని పక్కకు తిప్పండి. బండ్లను లోపలి వరుసకు జరపండి. అంచున మట్టి పోసి ఎత్తు సరిచేయడం మాత్రం వద్దు. జారబోతున్న దాని మీద ఇంకా బరువు పెట్టినట్టే.

ప్రశ్న: కాఫీ తోటలో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు ముదిరాయి. అమ్ముదామనుకుంటున్నాం. తోట నిటారుగా ఉంది, కింద ఊరుంది. జీపు దారి కూడా వేసుకోవాలి. ఏం జాగ్రత్తలు?
– కాఫీ రైతు, పాడేరు ప్రాంతం

అనుమతుల పని మీకు తెలిసే ఉంటుంది, నేల పని చెబుతాం. ముందుగా తోటంతా తిరిగి కొండ మడతలు గుర్తుపెట్టుకోండి. రెండు ముక్కుల మధ్య గిన్నెలా లోపలికి వంగి, కింద గెడ్డ మొదలయ్యే చోటు అది. నీరు, మట్టి రెండూ వందల ఏళ్లుగా అక్కడ చేరి మట్టి మందంగా ఉంటుంది. చరియల్లో ఎక్కువ భాగం మొదలయ్యేది అక్కడే. ఆ మడతల్లోని చెట్లను, గెడ్డకు రెండు వైపులా ఉన్నవాటిని అమ్మకం జాబితా నుంచి తీసేయండి. కొనేవాడు ఒప్పుకోకపోతే ఆ బేరమే వద్దు, కింద ఊరుందని మీరే రాశారు.

మిగిలినవాటిని ఒకే ఏడాది కొట్టకండి. తోటను ముక్కలు చేసి, పక్కపక్క ముక్కలు కాకుండా ఏళ్ల తేడాతో కొట్టండి. వేళ్లు కుళ్లే కాలం అన్నిచోట్లా ఒకేసారి రాకూడదు. కొట్టబోయే చెట్టు పక్కన రెండు మూడేళ్ల ముందే కొత్త నీడ మొక్క నాటాలి. మొద్దులు పెకలించవద్దు. కాఫీ పొదల వేళ్లు పైపొరను పడతాయి, అది కొంత మేలే. కానీ మట్టి అడుగున రాతి పగుళ్లలోకి దిగే పెద్ద వేరు చేసే పని అవి చేయలేవు. దుంగలను గెడ్డలోంచి కిందికి ఈడ్చుకురావడం చాలాచోట్ల చూస్తాం. సులువే, కానీ ఆ గాడి మొదటి వానకే కాలువ అవుతుంది. తాడు కట్టి పైకి లాగి ముక్కు మీదికి చేర్చండి.

జీపు దారి కూడా ముక్కు వెంటే పోవాలి, వాలు మధ్యలో అడ్డంగా కాదు. వెడల్పు 3 మీటర్లు చాలు. దారిని లోపలికి కాకుండా లోయ వైపు 3 నుంచి 5 శాతం వాల్చితే నీరు పక్క కాలువ అక్కర్లేకుండా పొడవునా జారిపోతుంది. బండి జారుతుందని భయపడేంత వాలు కాదది. కలప తరలింపు జనవరి–ఏప్రిల్ మధ్య ముగించి, జూన్ లోపు దారికి అడ్డంగా ఏటవాలు కట్టలు వేయండి. ఎక్కుడు 10 శాతం దాకా ఉంటే మెత్తని నేలలో 30 మీటర్లకు ఒకటి, 15 శాతం దాకా ఉంటే 20 మీటర్లకు ఒకటి. కట్ట చివర బయటికి తెరిచి ఉండాలి. చివర మూసేస్తే అది చెరువు కట్టవుతుంది.

ప్రశ్న: వయనాడ్‌లో 2024లో జరిగినది రోడ్ల వల్లా, తోటల వల్లా?
– పాఠకుడు, కర్నూలు

జులై 30 తెల్లవారుజామున ముండక్కై, చూరల్‌మల ఊళ్లను ముంచిన ఆ ప్రవాహం 250 మందికి పైగా ప్రాణాలు తీసింది. అది మొదలైన చోటు సుమారు 1,550 మీటర్ల ఎత్తున, రోడ్డు పక్కన కాదు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం విడుదల చేసిన చిత్రాల ప్రకారం జారిన మేర 86,000 చదరపు మీటర్లు, రాళ్లూ బురదా కొట్టుకొచ్చిన దూరం సుమారు 8 కిలోమీటర్లు. అదే చోట అంతకుముందు కూడా చరియ పడిన ఆనవాళ్లున్నాయి. రెండు రోజుల్లో 500 మి.మీ. దాటిన వాన. మొదటి ముక్క జారడానికి రోడ్డును తప్పుపట్టడానికి ఆధారం లేదు. కిందికి వచ్చే కొద్దీ అది వాగు గట్లను, వాటి మీది ఇళ్లను కలుపుకుని పెరిగింది. అక్కడ అడగాల్సిన ప్రశ్న ప్రవాహం దారిలో ఇళ్లకు అనుమతి ఎలా వచ్చిందని.

పెద్ద చరియలన్నిటినీ చెట్లతో ముడిపెట్టడం కూడా సరికాదు. 2014 మార్చి 22న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఓసో వద్ద 43 మందిని కప్పేసిన చరియ లోతు వేళ్లకు అందనిది. హిమనదాలు వదిలిన ఇసుక, బంకమట్టి పొరలు, పాదాన్ని కోస్తున్న నది, వారాల తరబడి వాన. పైన అడవి నరికినందువల్ల లోపలికి ఇంకిన నీరు పెరిగిందా అని నిపుణులు ఎంతో వాదించుకున్నారు. మీటరు మందం చరియకు పనికొచ్చే వేళ్ల లెక్క అక్కడ పనికిరాదు.

ప్రశ్న: తిరుమల ఘాట్‌లో బండలు పడటానికి కూడా ఇదే కారణమా?
– పాఠకురాలు, తిరుపతి

కాదు. 2021 డిసెంబరులో రెండో ఘాట్ రోడ్డు మీద పడినవి మట్టి చరియలు కావు, పగుళ్లు పట్టిన గట్టి క్వార్ట్‌జైట్ బండలు. పగుళ్లలో నిండిన వాన నీటి ఒత్తిడి వాటిని తోస్తుంది. ఇక్కడ చెట్టు వేరు రెండు పనులూ చేస్తుంది. వాలు మీది మట్టిని పడుతుంది, బండ పగులులో దూరితే దాన్ని మెల్లగా విడదీస్తుంది కూడా. అలాంటి చోట వదులు బండలను దింపేయడం, వల కట్టడం, ఉక్కు కడ్డీలతో బిగించడం అవసరం. అందుకోసం కొన్ని చెట్లు తీయాల్సి వస్తే ఆక్షేపించనక్కర్లేదు.

ప్రశ్న: కలప తోలడానికి ఎప్పుడో వేసి వదిలేసిన కూపు రోడ్లు అడవిలో ఉన్నాయి. గడ్డి మొలిచింది. అలా వదిలేస్తే చాలా, ఏమైనా చేయాలా?
– విశ్రాంత అటవీ ఉద్యోగి, రాజమహేంద్రవరం

గడ్డి మొలిచినంత మాత్రాన తూము బాగుపడదు. చూసేవాళ్లు లేని రోడ్డే ఎక్కువ ప్రమాదం. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ జాతీయ పార్కును 1978లో విస్తరించినప్పుడు, అప్పటికే నరికేసిన కొండలతోపాటు వందల కిలోమీటర్ల పాత కలప రోడ్లు కూడా దాని పాలయ్యాయి. వాటిని వరుసగా విప్పేస్తూ (పోసిన మట్టిని తీసి గెడ్డలను, వాలును మునుపటిలా చేస్తూ) వచ్చారు. 1997లో పన్నెండేళ్లకోసారి వచ్చే స్థాయి వాన పడ్డాక చూస్తే, విప్పేసిన రోడ్డు ముక్కల్లో 80 శాతం దాకా కోత ఆనవాలే లేదు. వాటినుంచి వచ్చిన మట్టి, అలాగే వదిలేసిన రోడ్లనుంచి వచ్చినదానిలో నాలుగో వంతు.

పని క్రమం ఇలా ఉంటుంది. రోడ్డు చివరి కొస నుంచి వెనక్కి వస్తూ చేయాలి, లేకపోతే యంత్రం అవతలే ఉండిపోతుంది. ముందు గెడ్డ దాటే చోట్లు. పైపు మీది మట్టినంతా తీసి, పాత గెడ్డ అడుగు దొరికేదాకా తవ్వాలి. గుండ్రని రాళ్లు, నల్లని పాత పైమట్టి గీత కనపడితే అసలు నేల తగిలినట్టు. అంతకు మీటరు పైన ఆపేస్తే మిగిలిన మట్టిని తర్వాతి వరద తవ్వుకుపోతుంది. విప్పిన రోడ్లలో విఫలమైనవి చాలావరకు ఇలా సగంలో ఆపినవే. గెడ్డ గట్లను ఎగువ, దిగువ గట్ల వాలుకు కలపాలి. తర్వాత వాలు మీది పోత మట్టిని పొక్లెయిన్‌తో పైకి లాగి కోత గోడకు ఆనించి పేర్చాలి. కోత గోడలోంచి ఊట కారే చోట మాత్రం పేర్చకూడదు. అక్కడ పేర్చిన మట్టి నీరు పీల్చి మళ్లీ జారుతుంది. దాన్ని పొడి చోటికి తోలాలి. పైన కొమ్మలు, ఆకులు పరచి వదిలేస్తే మొక్కలు వాటంతటవే వస్తాయి.

మొత్తం విప్పడానికి డబ్బు లేకపోతే గెడ్డ దాటే చోట్లు, బయటి అంచు పగిలిన చోట్లు ఈ రెండే చేయండి. నక్షా తీసుకుని వాగుకు ఎగువన నిటారు వాలు మీదున్నవి ఎన్నో ముందు గుర్తుపెట్టండి. ముక్కు మీద పోయే రోడ్డు జోలికి ఇప్పట్లో వెళ్లనక్కర్లేదు. దాన్ని నిప్పు ఆర్పే బండ్ల కోసం ఉంచుకున్నా నష్టం లేదు.